మావయ్య ముక్కు

చెరువు నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు కొనడానికి బంటుమిల్లి రొయ్యల రైతు ఒకాయనతో చైనాలోని గ్వాంగ్‌జౌ వెళ్లాను. యంత్రాలు పరీక్షించడం నా పని. ఆయన్ను మావయ్యా అనేవాణ్ని.

నాకు వేరుశనగ పడదు. ఒక్క గింజ తిన్నా గొంతు పూడుకుపోతుంది. రాత్రి బజారులో ప్రతి బండి దగ్గరా 'ఇందులో వేరుశనగ ఉందా?' అని ఫోనులో చైనీసులో రాసుకున్నది చూపించేవాణ్ని. వాళ్లు తల ఊపేవాళ్లు. అది అవునో కాదో తెలియక ప్లేటు పట్టుకుని నిలబడేవాణ్ని.

"ఆగు అల్లుడూ," అనేవారు ఆయన. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేని వాసన చూసినట్టే, ప్లేటు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. "వేరుశనగ నూనె. వద్దు." లేదంటే, "లాగించెయ్."

మూడు రోజులు ఆ ముక్కు తప్పలేదు.

నాలుగోరోజు, ఆయన మొదటినుంచీ కన్నేసిన పీతల బండి దగ్గర మూడుసార్లు వాసన చూశారు. "జలుబు చేసిందిరా. ఇవాళ నా మాట నమ్మకు," అని ప్లేటు తిరిగి పెట్టేశారు.

"మీరు తినండి మావయ్యా."

"నువ్వు నోరు కట్టుకుని చూస్తుంటే నాకు దిగుద్దా?"

అరటిపండ్లు కొనుక్కున్నాం. నా పండు లాక్కుని అలవాటుగా వాసన చూశారు. జలుబు గుర్తొచ్చినట్టుంది, చివర కొంచెం కొరికి, నా చేతిలో పెట్టి అన్నారు:

"లాగించెయ్."