ఆకు కదలని మధ్యాహ్నం

మా ఆయన్ని అందరూ ఆకుల మేస్త్రి అనేవారు. ఎవరింట్లో తోట వేసినా రాలిన ఆకుని బయటికి పోనిచ్చేవారు కాదు. మొక్కల మొదట్లోనే పరిపించేవారు, వాననీళ్లు ఇంకడానికి గుంతలు తీయించేవారు. "డబ్బులిచ్చి మరీ చెత్త వేయించుకున్నాం" అని ఇంటివాళ్లు నవ్వితే, "ఒక ఎండాకాలం పోనిచ్చి నవ్వండి, నేనూ కలుస్తాను" అనేవారు.

ముసలి చెట్ల దగ్గర మాత్రం నవ్వేవారు కాదు. చెక్క సుత్తితో కాండాన్ని తట్టి, చెవి ఆనించి వినేవారు.

ఆయన అక్క, అంటే మా వదిన, పక్క వీధిలో ఒంటరిగా ఉండేది. ఆవిడ ఇంటిముందు పెద్ద చెట్టు. మనిషెత్తున రెండుగా విడిపోయి ఒక కొమ్మ వాకిలి మీదికి, ఒకటి రోడ్డు మీదికి పాకింది. విడిన చోట సన్నటి పగులు. సుత్తితో తడితే డొల్ల మోత.

"అక్కా, ఈ రెండూ తీసెయ్యాలి."

"ఊరందర్నీ చెట్లు పెంచమంటావు, నాది మాత్రం నరుకుతావా? ఆ నీడ పోతే ఈ ఇంట్లో ఉడికిపోతాన్రా."

"పందిరేసి తీగ పాకిస్తాలే."

"అది పాకేదాకా నీ నెత్తిమీద కూచోనా?"

నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు.

గాలివాన కొట్టిన రోజు వదిన భయపడి మా ఇంటికొచ్చేసింది. ఆయన మాత్రం నింపాదిగా అన్నం తిన్నారు. తెల్లారి చూస్తే చెట్టు చెక్కుచెదరలేదు.

"చూశావా, ఏనుగులా ఉంది. నీదంతా పిరికితనం."

"గాలికి విరిగే కొమ్మ ముందు మూలుగుతుందక్కా, మనిషి లేచి పోవచ్చు. నా భయం గాలి గురించి కాదు. మండుటెండలో ఆకు కూడా కదలనప్పుడు ఇలాంటి కొమ్మలు చెప్పాపెట్టకుండా ఊడిపడతాయి. నువ్వు సరిగ్గా అప్పుడే దాని కింద కుర్చీ వేసుకుంటావు."

"శుభం పలకరా మంకెన్నా అంటే..." అంటూ వదిన కొట్టిపారేసింది.

ఆ వేసవంతా నాకు గుబులే. గాలి ఆగితే చాలు, ఆయన చేతిలో పని వదిలేసి వెళ్లి అక్క కుర్చీ లోపల పెట్టి వచ్చేవారు. ఆవిడ మళ్లీ బయటికి లాక్కునేది. చివరికి విసిగిపోయి, "సరే, వచ్చేవారం కొట్టేసుకో. నీ పోరు పడలేను" అంది.

వచ్చేవారం దాకా ఆగలేదు వాకిలి మీది కొమ్మ. ఆ మధ్యాహ్నం నేనూ ఆయన వెంట వెళ్లాను. దండెం మీది బట్టలు బిగుసుకుపోయినట్టు వేలాడుతున్నాయి. వదిన కుర్చీలో కళ్లు మూసుకుని ఉంది. గేటు తీస్తూ ఆయన పైకి చూశారు. "అక్కా!" అని ఒక్క పరుగు. కుర్చీతో సహా ఆవిణ్ణి గోడవైపు తోసేశారు. తాను తప్పుకోలేకపోయారు.

వదినకి మోచెయ్యి గీసుకుపోయింది, అంతే.

ఇప్పుడావిడ నా దగ్గరే ఉంటుంది. కంచం ముందు కూర్చుని, "వాడు అడిగిన రోజే ఊఁ అని ఉంటే" అంటుంది. "తినండి వదినా" అంటాను. అంతకన్నా నాకు చేతకాదు.

రోడ్డు మీది కొమ్మ ఇంకా అలాగే ఉంది. అది కొట్టాలంటే మున్సిపల్ ఆఫీసు అనుమతి రావాలట. జనం బస్సు కోసం దాని కిందే నిలబడతారు. గాలి ఆగిన మధ్యాహ్నాల్లో పొయ్యి ఆర్పేసి వెళ్తాను.

"ఇవతలికి రండమ్మా, ఆ కొమ్మ మంచిది కాదు."

"పచ్చగా ఉంది కదమ్మా! మమ్మల్ని ఎండలో మాడమంటావా?"

కొందరు నా ముఖం చూసి జరుగుతారు. నేను వెనక్కి తిరగ్గానే, ఒక్కొక్కరే మళ్లీ నీడలోకి వెళ్లిపోతారు.