వార్డెనమ్మ ఇనప్పెట్టె

విదేశాల్లో చదవబోయే పిల్లలకు ప్రయాణానికి ముందు నాలుగు రోజులు పాఠాలు చెప్పే ఆ సముద్రపు ఒడ్డు విడిదికి వార్డెనమ్మే సర్వాధికారి. రేవుల్లో సుంకంవాళ్లు పెట్టెల్ని చూసినట్టు ఆమె మనుషుల్ని చూస్తుంది: ముందు చేతులు, ఆ తరువాత చెప్పులు, ఆఖరున ముఖం. పాలప్యాకెట్టును రెండుసార్లు వాసన చూస్తుంది. తలుపు వేశాక గొళ్లెం మూడుసార్లు లాగుతుంది. పిల్లలు చాటుగా ఆమెను సీసీ కెమెరా అంటారు. మొదటి ఉదయం ఆమె చెప్పే పాఠం ఒక్కటే: "పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకండి. యూనిఫాం వేసుకున్నా సరే, నవ్వుతూ అడిగినా సరే!" ఆ వెంటనే, పదకొండేళ్ల అలవాటు కొద్దీ, "ఊఁ, అందరూ పాస్‌పోర్టులు ఈ ఇనప్పెట్టెలో వేయండి" అంటుంది. వేయనివాళ్లకు గది ఇవ్వరాదన్నది అక్కడి నియమం.

ఈసారి ఒక పిల్ల వేయలేదు. రెండుసార్లు కాదనిపించుకుని మూడోసారి దక్కిన వీసా ఆమెది. "ఏమ్మా, నీకు వేరే చెప్పాలా?" "ఎవరికీ ఇవ్వొద్దని మీరే అన్నారుగా మేడం." "అయితే నన్నే అనుమానిస్తావా?" "పొద్దున మీరు నా సంచీ రెండుసార్లు వెతికారు కదండీ, నేనేమైనా అన్నానా?" హాలంతా గొల్లుమంది. వార్డెనమ్మ ఆ పిల్లనూ, ఇనప్పెట్టెనూ మార్చి మార్చి చూసింది. చివరికి గది తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, "లోపలి జేబుకు పిన్నీసు పెట్టుకో. తడిస్తే వీసా ముద్ర చెరిగిపోతుంది, నీళ్లలోకి మాత్రం దిగకు" అంది. సాయంత్రం అందరూ కేరింతలు కొడుతూ అలల్లో పడ్డారు. పొడి ఇసుకలో వాళ్లిద్దరే నిలబడ్డారు. ఒకరి చెయ్యి జేబు మీద, ఇంకొకరి చెయ్యి నడుమున తాళాల గుత్తి మీద. ఇద్దరూ ఒకరినొకరు ఓరకంట కనిపెట్టుకుంటూనే ఉన్నారు.