గడప లేని పడవ

మా వీధి డ్రాఫ్ట్స్‌మన్ గీసే తెరచాప పడవ సముద్రం మొహం చూడకుండానే, భోజనాల బల్ల మీద భూమిని రెండు చుట్లు చుట్టి వచ్చింది. ఆలుమగలిద్దరికే సరిపడే చిన్న పడవ. ఇంజను లేదు, ఆర్భాటం లేదు. రిటైరైన నాటినుంచీ ఆయన పెన్సిల్ పట్టుకుని, నాలుక కొన బయటపెట్టి దాన్నే దిద్దుతున్నాడు. అలలు లోపలికి దూకకుండా పడవలోని గది వాకిలికి మోకాలెత్తు గడప గీశాడు. భార్యకు మోకాళ్లు పట్టేశాక దాన్ని సగానికి దించాడు. ఆవిడ చేతికి కర్ర వచ్చాక ఇంకాస్త చెరిపాడు. ఇప్పుడావిడ ఎవరైనా లేపి చక్రాల కుర్చీలో కూర్చోబెడితే తప్ప మంచం దిగలేదు. నిన్న గడపను పూర్తిగా చెరిపేసి, కుర్చీ పట్టేలా వాకిలి వెడల్పు చేసి, కాగితం ఆవిడకు చూపించాడు.

"బాగుందండీ. మరి మొదటి అలకే నీళ్లు లోపలికి రావూ?"

"వస్తాయి."

"మునిగిపోమూ?"

"మునుగుతాం."

"ఇన్నాళ్లూ మీ చేతివంట తిని బతికినదాన్ని, నాకేం భయం లేదులెండి. మీరే ఆ గడప మళ్లీ పెట్టుకుని, ఒక్కరూ వెళ్లిరండి."

ఆయన పెన్సిల్ చెక్కుకుని, చక్రాలు ఒరుసుకోకుండా వాకిలిని ఇంకో అంగుళం వెడల్పు చేశాడు.