రెండో బెల్లు

మా మరదలు బస్సు నడుపుతుంది. మా తమ్ముడు అదే బస్సులో కండక్టరు. పెళ్ళాం స్టీరింగు తిప్పుతుంటే మొగుడు వెనకాల టికెట్లు కొడుతున్నాడని మొదట్లో జనం తెగ నవ్వుకున్నారు. నవ్వినవాళ్ళంతా పొద్దున్నే ఆ బస్సెక్కే పనులకు పోవాలి కాబట్టి ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఇప్పుడు ఆవిడ అందరికీ డ్రైవరమ్మ. బట్టల షాపులో పనికి నేనూ రోజూ ఆ బస్సులోనే వెళ్తాను, టికెట్ తీసుకుని మరీ. తోడబుట్టినదాన్ని కదా అని మావాడు ఒక్కనాడూ వదిలిన పాపాన పోలేదు.

డ్యూటీలో వాళ్ళు మొగుడూ పెళ్ళాలు కారు. ఇంట్లో ‘ఏవండీ’, ‘ఏమే’ అనుకునేవాళ్ళు బస్సెక్కగానే ‘కండక్టర్ గారూ’, ‘డ్రైవర్ గారూ’ అయిపోతారు. అసలు మాటలే తక్కువ. మాట్లాడేదంతా తాడుతోనే. మావాడు వెనక నుంచి తాడు ఒకసారి లాగితే ఆమె తలమీద బెల్లు ఒకసారి మోగుతుంది, ఆపమని. రెండుసార్లు మోగితే పొమ్మని. ఈ విషయంలో డ్రైవరమ్మ మహా మొండి. ఒకసారి ముందు సీట్లో కూర్చున్న పెద్దాఫీసరెవరో “అందరూ ఎక్కారులే, పోనీ అమ్మా” అన్నాడు. ఆమె వెనక్కి కూడా తిరగలేదు. “మీరు చెబితే కాదు సార్, రెండు బెల్లులు పడాలి” అంది. ఆయన మొహం మాడ్చుకుని పేపర్లో తల దూర్చాడు. నాకు ఆ పూటంతా కడుపు నిండినట్టుంది.

పెళ్ళయిన చాలా ఏళ్ళకి ఆమె నెల తప్పింది. స్కానింగుకి తోడుగా నేనూ వెళ్ళాను. చీకటి గదిలో డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి “ఇద్దరున్నారు” అంది. మావాడు దబ్బున స్టూలు మీద కూలబడ్డాడు. వాడు ఇంకా తేరుకోకముందే ఆవిడ “కానీ” అంది. ఒకరి గుండె బాగా కొట్టుకుంటోందట. రెండోవారు చిన్నగా ఉన్నారట, ఆ గుండె చాలా నెమ్మదిగా ఉందట. నిలవొచ్చు, నిలవకపోవచ్చు. ఇంకొన్నాళ్ళు ఆగి మళ్ళీ చూస్తేగానీ తెలీదట.

“అప్పటిదాకా ఒకరనే అనుకోండి. మనసుకి తేలిగ్గా ఉంటుంది” అంది.

“ఎక్కింది ఇద్దరైతే ఒకరని ఎలా అనుకుంటాం డాక్టర్ గారూ?” అంది మా మరదలు, పొట్ట మీద జెల్లు తుడుచుకుంటూ.

ఇంటికి రాగానే మా అమ్మ తలుపు వేసింది. మూడో నెల దాటేదాకా ఈ మాట గడప దాటకూడదంది. ఇద్దరని అసలే అనకూడదు, జనం కళ్ళు మంచివి కావు. ఒకవేళ ఏదన్నా అయితే ఎవరికీ తెలియకుండా పోతుంది. మా అమ్మ చెడ్డదేం కాదు, భయపడితే తలుపులు వేసుకునే మనిషి.

“ఎవరికీ చెప్పకపోతే పోయేది ఆగుతుందా అత్తయ్యా?” అంది మా మరదలు. “ఆగదు. పోతే మూల కూర్చుని నేనొక్కదాన్నే ఏడవాలి, అంతేగా? నా వల్ల కాదు. ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ ఉన్నారనే చెప్తాను.”

అన్నంత పనీ చేసింది. మర్నాడు డిపోలో మేనేజరు ముందు కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. కడుపుతో ఉన్నాను, ఇద్దరు, డాక్టరు నడపొచ్చంది, నా రూటు మార్చకండి అని. ఆయన నీళ్ళు నమిలి, ఎందుకమ్మా రిస్కు, హాయిగా ఎంక్వైరీ కౌంటర్లో కూర్చోరాదా అన్నాడు. “డాక్టరు వద్దన్న రోజు కూర్చుంటానండీ. మీరన్న రోజు కాదు” అని తాళాలు తీసుకుని వచ్చేసింది.

మావాడి సంగతి చెప్పక్కర్లేదు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నానికల్లా బస్సంతా తెలిసిపోయింది. ఆ రోజుల్లో వాడు పరధ్యానంగా ఒక్కొక్కరికి రెండేసి టికెట్లు కొట్టేవాడు. “ఒరేయ్, నేనొక్కదాన్నేరా” అంటే నాలిక కరుచుకునేవాడు. ఆ వెనక సీట్లో ఇంకొకాయనకీ రెండే కొట్టేవాడు. ఆమెకేమో వేవిళ్ళు. దారిలో బండి పక్కకి ఆపి, దిగి, వాంతి చేసుకుని, మొహం కడుక్కుని వచ్చి సీట్లో కూర్చునేది. రెండు బెల్లులూ పడ్డాకే కదిలేది. రోజూ ముందు సీట్లో కూర్చునే స్కూలు టీచరమ్మ “ఎలా ఉన్నారమ్మా ఇద్దరూ?” అని పలకరించేది. “అల్లరి చేస్తున్నారండీ ఇద్దరూ” అనేది మా మరదలు. ఆమె అంతలా నవ్వడం అప్పుడే చూశాను.

రెండోసారి స్కానింగులో ఒకరే ఉన్నారు. రెండోవారి గుండె ఆగిపోయింది.

డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. నీ వల్ల కాదు, బస్సు వల్ల కాదు, ఇలా జరుగుతుంటుంది, ఉన్న బిడ్డ చక్కగా పెరుగుతోంది అంది. మా మరదలు అన్నీ విని, బయటికొచ్చి, వరండాలో అందరి ముందూ గొంతెత్తి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మావాడు మాత్రం కంట తడి లేకుండా, ఉలుకూ పలుకూ లేకుండా గోడకానుకుని నిలబడ్డాడు. నాకు ఆమె ఏడుపు కంటే వాడి మొహం చూస్తేనే ఎక్కువ భయమేసింది.

ఇంట్లో మా అమ్మ ఏడ్చి ఏడ్చి చివరికి ఒక దారి కనిపెట్టింది. అసలు ఉన్నది ఒక్కరేనని, రెండోది మిషను పొరపాటని అందరికీ చెప్పేద్దాం అంది. నేను ఒంటికాలి మీద లేచాను. “పోయిన బిడ్డని పొరపాటంటావేంటమ్మా?” అని అరిచాను. మావాడు మాత్రం తల దించుకుని “అలాగేలేమ్మా” అన్నాడు. మా మరదలు లోపల పడుకుని ఉంది. ఆమె చెవిన పడిందో లేదో నాకు తెలీదు.

కొన్నాళ్ళు సెలవు పెట్టి, డాక్టరు సరే అన్నాక, ఇద్దరూ మళ్ళీ డ్యూటీ ఎక్కారు. టీచరమ్మ ఎక్కుతూనే ఎప్పటిలాగే “ఎలా ఉన్నారమ్మా ఇద్దరూ?” అంది. డ్రైవరమ్మ నోరు తెరిచేలోగా వెనక నుంచి మావాడు గబగబా ముందుకొచ్చాడు.

“అది... ఇద్దరు కాదండీ. ఒక్కరే. ఆ మిషను పొరపాటు...”

“పొరపాటేం కాదు.” డ్రైవరమ్మ గొంతు బస్సంతా వినిపించింది. “ఎక్కింది ఇద్దరే. ఒకరు ముందే దిగిపోయారు. దిగిపోయినంత మాత్రాన ఎక్కనట్టు కాదు.”

టీచరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచి, వెళ్ళి సీట్లో కూర్చుంది. మావాడు మెల్లగా వెనక్కి నడిచి తన చోట నిలబడ్డాడు.

తాడు లాగాడు. బెల్లు ఒకసారి మోగింది.

రెండోది మోగలేదు.

ఇంజను ఆన్‌లోనే ఉంది. ఆమె కాలు బ్రేకు మీదే ఉంది. వెనక బళ్ళు హారన్లు మొదలెట్టాయి. “పోనీయమ్మా, టైమవుతోంది!” అని ఎవరో అరిచారు. “రెండో బెల్లు పడలేదు” అంది. నేను తల తిప్పి చూశాను. మావాడు తాడు పట్టుకునే ఉన్నాడు. కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి, చెయ్యి మాత్రం కదలడం లేదు. ఆ పక్కనే కూర్చున్నాయన తాడు అందుకోబోతే “మీరు ముట్టుకోకండి” అని కసిరాను.

అప్పుడు డ్రైవరమ్మ వెనక్కి తిరిగింది. బండిలో ఉండగా ఆమె వెనక్కి తిరగడం నేనెప్పుడూ చూడలేదు. బస్సు పొడవునా వాడి వైపు చూసింది.

“ఏవండీ,” అంది. “రెండోది కూడా కొట్టండి.”

కొట్టాడు. బస్సు కదిలింది.