అక్కా, మ్యూట్‌లో ఉన్నావ్

ఆ ఆదివారం కూడా సరిగ్గా నాలుగింటికి, నవల చదువుకునే ఆన్‌లైన్ గుంపులో, పళ్ళక్క తెర మీదికొచ్చి, చేతులు తిప్పుతూ, కళ్ళు పెద్దవి చేస్తూ ఏదో గొప్ప సంగతి చెప్పుకుపోయింది. ఒక్క ముక్క కూడా ఎవరికీ వినిపించలేదు. ఎప్పటిలాగే మైకు నొక్కడం మరిచిపోయింది.

"పళ్ళక్కా, మ్యూటూ!" అని, గుంపులో అందరూ క్రేన్ తమ్ముడని పిలిచే క్రేన్ డ్రైవరు కేకపెట్టాడు.

"అమ్మాయ్, ఆ మైకు సంగతి చూడు" అన్నారు లెక్కల మాస్టారు. నర్సు రెండు చేతులూ ఊపింది. చివరికి, అక్క ఇంటికి రెండు బస్టాపుల అవతల తన గదిలో మంచం అంచున కూర్చున్న చెల్లెలు కూడా విసుక్కుంటూ నోరు తెరిచింది. "అక్కా, మ్యూట్‌లో ఉన్నావ్!"

అప్పుడు పళ్ళక్క నాలుక కరుచుకుంది. "అయ్యో, అంతా మళ్ళీ చెప్పాలా? పోనీలెండి, పెద్ద విశేషమేం కాదు" అంది. అందరూ నవ్వారు. గంటన్నర ఎలా గడిచిందో తెలియలేదు.

మంగళవారం పదకొండింటికి, పనిబల్ల దగ్గర, చేతిలో పైవరస పళ్ళ అచ్చు ఉండగానే పళ్ళక్క పక్కకు ఒరిగిపోయింది. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది.

ఇరవై రెండేళ్ళు ఆమె కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేసింది. మైనం కరిగించడం, పళ్ళు ఒక్కొక్కటే నిలబెట్టడం, గులాబిరంగు చిగుళ్ళు నున్నగా సానపట్టడం. ఆ బల్ల దగ్గర తప్ప ఇంకెక్కడా కుదురుగా కూర్చునేది కాదు. అన్నం తింటూ నడిచేది, ఫోను మాట్లాడుతూ నడిచేది. అలాంటి మనిషి పధ్నాలుగు వందల పేజీల నవలకు ఎలా కట్టుబడిందో చెల్లెలికి ఎప్పటికీ అంతుపట్టలేదు. మూడు రాజ్యాలు, ఒక ఉప్పు సరస్సు, నోరు తిరగని రెండు వందల పేర్లు. ఆ పేర్లు పలకలేక గుంపులో అందరూ ఒంటికొమ్ము రాజనీ, గంటల ముసలమ్మనీ, పడవవాడనీ మారుపేర్లు పెట్టేసుకున్నారు.

అంతకుముందు రెండుసార్లు ఆమె ఇలాగే గుంపు పెట్టింది. రెండుసార్లూ నవల సగంలో ఉండగానే జనం ఒక్కొక్కరే జారుకున్నారు. ఈ మూడోది పదకొండు మందితో మొదలై అయిదుగురి దగ్గర ఆగింది.

"ఈసారి ఒడ్డు చేరాల్సిందేనే" అనేది చెల్లెలితో. "ఎవరు పారిపోయినా నువ్వు పారిపోకు."

"నేనెందుకక్కా? ఒక్క ముక్క మాట్లాడను కదా."

"మాట్లాడకు. కూర్చో. కొత్త పళ్ళసెట్టు మొదటిరోజే ఎవరికి సరిపోయింది కనక?"

చెల్లెలిది గ్యాసు కంపెనీ ఫిర్యాదుల విభాగం. రోజూ వందమందికి "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని చెప్పే నోరు. సాయంత్రమయ్యేసరికి తన మాటంటూ ఒకటి ఉంటుందన్న సంగతే మరిచిపోయేది. ముప్ఫై వారాల్లో ఆ గుంపులో ఆమె నోటినుంచి వచ్చింది ఒకే వాక్యం, అదీ మైకు గురించి. ఒకసారి అక్కమీద అలిగి అది కూడా అనలేదు. ఆ రోజు పళ్ళక్క ఆరు నిమిషాలు చప్పుడు లేకుండా మాట్లాడింది. మాస్టారి గొంతు బొంగురుపోయింది. చివరికి ఉండబట్టలేక చెల్లెలే అరిచింది.

ఇంకా ఆరు వారాల కథ మిగిలి ఉండగా అక్క పోయింది.

ఆ వారమంతా చెల్లెలికి కాలు ఒకచోట నిలవలేదు. నవల తెరిచేది, మూసేది. గది ఊడ్చేది, ఊడ్చిన గదినే మళ్ళీ ఊడ్చేది. ఆదివారం మూడూ నలభైకే సమావేశం తెరిచి, ఖాళీ తెరలో తన మొహం తనే చూసుకుంటూ కూర్చుంది. ఎవరూ రాకపోతే బాగుండుననీ అనుకుంది, రాకపోతే ఎలా అనీ అనుకుంది.

ముగ్గురూ వచ్చారు. ఆమె మైకు ముందే సరిచూసుకుంది. గొంతు సవరించుకుని, "సమావేశానికి స్వాగతం. మీ సమయానికి ధన్యవాదాలు" అంది.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"మేడమ్, నా కంప్లైంట్ నంబరు ఎంత?" అన్నాడు క్రేన్ తమ్ముడు.

నర్సు పకపకా నవ్వి, వెంటనే ఏడ్చేసింది. తరవాత ఎలాగో రెండు అధ్యాయాలు లాగారు.

మరుసటి వారమూ అంతే. మొదటి పది నిమిషాలు పరామర్శకు వచ్చినవాళ్ళలా అందరూ బిగుసుకుపోయేవారు. అక్క ఏం చేసేదో, తనేం చెయ్యడం లేదో చెల్లెలికి తోచేది కాదు. ప్రశ్నలు రాసుకొచ్చి చూసింది. పాత్రల చెట్టు గీసి పంపింది. నాలుగో వారం మాస్టారు రాలేదు. ఇది కూడా సగంలో పోతుందేమోనని ఆమె గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉండిపోయింది. సోమవారం ఉదయం తనే ఫోన్ చేసింది.

"మాస్టారూ, మీరు మానేస్తే ఇక ఎవరూ మిగలరండీ."

"మానలేదమ్మా. పళ్ళక్క లేకుండా మొదలెట్టడం చేతకావట్లేదు."

"నాకూ చేతకావట్లేదండి. అయినా రండి."

వచ్చారు.

ఆఖరి ఆదివారం పడవవాడి దగ్గర పంచాయితీ మొదలైంది. అవతలి ఒడ్డున ఊరుందని రాణిని ఉప్పు సరస్సు దాటించాడు. తీరా చూస్తే ఊరు లేదు. "పచ్చి మోసగాడు" అన్నాడు క్రేన్ తమ్ముడు. నర్సూ అంతే అంది. మాస్టారు సాక్ష్యాలు లెక్కపెట్టబోయారు.

"కాదు" అంది చెల్లెలు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "అతను అబద్ధం చెప్పలేదు. వాళ్ళ నాన్న చెప్పింది నమ్మాడు. పదో అధ్యాయం చూడండి. చూడకుండా నమ్మాడు, అంతే. అందుకు తిట్టండి, అబద్ధానికి కాదు."

ఆగకుండా పావుగంట మాట్లాడింది. మాస్టారు పదో అధ్యాయం తిరగేసి, "నిజమేనమ్మోయ్" అన్నారు. ఆఖరి పేజీ నర్సు గట్టిగా చదివింది. ఒడ్డు చేరారు.

ఆ మరుసటి వారం, అక్క వస్తువులు తీసుకెళ్ళమని ల్యాబ్ యజమాని కబురు చేశాడు. ఒక చేతిసంచి, కళ్ళజోడు, రబ్బరుబ్యాండు వేసిన అట్టముక్కల కట్ట. ఒక్కో నోటికి ఒక్కో అట్ట ఉంటుంది ఆ పనిలో. ఎక్కడ ఒత్తుతోంది, ఎక్కడ అరగదియ్యాలి అని రాసుకుంటారు. ఈ కట్టలో వెనకవైపు రాసినవి మాత్రం రోగులవి కావు. చెల్లెలు బస్టాపులో నిలబడే చదివింది.

"మాస్టారు: ముందు పిలిస్తే వేరేవాళ్ళకు చోటివ్వరు. ఆఖర్న పిలవాలి."

"క్రేన్ తమ్ముడు: చదవడం లేదు, వింటున్నాడు. అడిగి ఇబ్బంది పెట్టకు."

"నర్సు: నైట్ డ్యూటీ వారం నిద్రపోతుంది. పోనీ."

నాలుగో అట్ట మీద గుంపు మొదలైన నెల తేదీ ఉంది.

"చెల్లి: అంతా చదువుతోంది, నోరు విప్పదు. తను అరిచేదాకా మ్యూట్ తియ్యకూడదు."