నూలు, పట్టు, ఒక కీర్తన

2006 జూన్, ఒక ఆదివారం సాయంత్రం. గద్వాల ప్రార్థనా మందిరం. హాజరు: సామ్యేలు సారు, సంఘపెద్ద యాకోబు, దవాఖాన నర్సు మార్తమ్మ, నేను.

ఇన్నేళ్ల తర్వాత, నిన్న మా కోడలు కొత్త గద్వాల చీర మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. వెంటనే పాత డైరీ తీసి ఈ పేజీ వెతికాను.

సామ్యేలు సారు చేనేత ఇంట్లో పుట్టి హీబ్రూ చదివిన మనిషి. అప్పట్లో వనపర్తిలో ఉద్యోగం చేస్తున్న నేను ప్రతి ఆదివారం బస్సెక్కేది ఆయన పాఠం కోసమే. అంతకుముందు వారం ఆయన బైబిల్లోని ఒక హీబ్రూ కీర్తన గురించి చెప్పారు. అది ఆకాశాన్నీ సూర్యుణ్ణీ పొగుడుతూ వచ్చి, నడుమ ఒక్కసారిగా దేవుని ధర్మశాస్త్రం వైపు తిరుగుతుంది. అది ఒకచోట అతికించిన రెండు వేరే పాటలని కొందరు పండితుల అభిప్రాయం. ఈ మాట సంఘమంతా పాకింది. ఆ సాయంత్రం యాకోబు తేల్చడానికే వచ్చాడు. ఆయన కాదంటే మందిరంలో సారు పాఠం ఆగిపోతుంది.

“దేవుని మాటను ముక్కలు చేసెటోళ్లకు ఈ కుర్చీ ఎందుకు సారూ?”

“ముక్కలని నేనన్ననా పెద్దయ్యా? జర ఇనుండ్రి. మార్తమ్మా, నీ చీర అంచు చూపియ్యి.”

“పాఠానికి నా చీరే దొరికిందా సారూ?” అంటూ ఆమె నవ్వింది. యాకోబు నవ్వలేదు.

“నడుమ నూలు, అంచు పట్టు. కలిసిన తావుల ఒక పోగు ఇంకో పోగును చుట్టుకుంటది. మా నాయిన మగ్గం మీద చూసిన. ఈ కీర్తన గూడ గట్లనే. మొదట కీర్తన రాసినాయన సూర్యుని వేడికి ఏదీ దాగదంటడు. తర్వాత, నాకే తెల్వని దాగిన తప్పులు కడుగుమంటడు. మొదట ఆకాశం గొంతు లేకుండ మాట్లాడుతది. ఆఖర్ల మనిషి, నా నోటి మాట నీకు నచ్చాలె అని మొక్కుతడు. నడుమ కోస్తే రెండూ ఊడిపోతయి.”

యాకోబు లేచి, మందిరం తాళంచెవి జేబులో వేసుకున్నాడు. “రేపు పొద్దుగాల రాండ్రి. తలుపు తీసుంటే పాఠం ఉన్నట్టు.”

నేను వనపర్తి బస్సెక్కకుండా సారు ఇంట్లోనే ఉండిపోయాను.

ఇప్పటికీ రెండు విషయాలు పొసగవని ఎవరైనా అంటే, విడదీసే ముందు అవి కలిసిన చోటు వెతుకుతాను. అది సారు నుంచి అబ్బిన అలవాటు.

మరునాడు పొద్దున తలుపుకు తాళం ఉంది. సారు దాన్ని ఒకసారి చేత్తో పట్టుకుని చూసి వదిలేశారు.

“ఎండ మంచిగొస్తుంది. ఈడనే కూసుందాం” అని మెట్టు మీద కూర్చుని కీర్తన మొదటి నుంచి ఎత్తుకున్నారు. దాగిన తప్పుల దగ్గరికి వచ్చేసరికి నేను తలెత్తాను. వీధి మలుపులో యాకోబు నిలబడి ఉన్నాడు. వచ్చి తాళం తీయలేదు. సారు చదవడం ముగిసేదాకా అక్కడి నుంచి కదలనూ లేదు.