గొడుగు ఊచల జెండాలు

మా అబ్బా గొడుగులు బాగుచేసేవాడు. మట్టెవాడలో మా ఇంటి అరుగే ఆయన దుకాణం. విరిగిన గొడుగుల ఊచలను పారేయకుండా ఒక రేకు పెట్టెలో దాచేవాడు. గల్లీ పిల్లలకు బొమ్మబండికి ఇరుసు కావాలన్నా, బాణం కావాలన్నా ఆ పెట్టె దగ్గరికే వచ్చేవారు. నలభై తొమ్మిది ఆగస్టు నాటికి పెట్టె ఉంది, అబ్బా లేడు.

దానికి ముందు ఏడాది సెప్టెంబరులో యూనియన్ మిలిట్రీ వచ్చి పాత సర్కారు పడిపోయింది. ఆ గడబిడలో, పల్లెలో ఉన్న తన తల్లిని తీసుకొస్తానని పోయిన మనిషి అక్కడికి చేరలేదు, ఇంటికీ రాలేదు. అంతకు ముందు కర్రలు పట్టుకుని, టోపీలు పెట్టుకుని గల్లీల్లో కవాతు చేస్తూ జనాన్ని హడలగొట్టిన వాళ్లలో అబ్బా కూడా ఉన్నాడని కొందరనేవారు. బలవంతాన లాక్కుపోయి నిలబెట్టారని మరికొందరనేవారు. ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మీని అడిగే ధైర్యం చాలలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం కూడా.

సోదాలు మొదలైన రోజుల్లో అమ్మీ ఆయన ఫోటోను పొయ్యిలో పెట్టింది. టోపీ పెట్టుకుని తీయించుకున్నది. ఇంట్లో ఉన్నది అదొక్కటే. ఆ పూట వండిన అన్నం ఆమె తినలేదు, మాకు మాత్రం పెట్టింది.

తమ్ముడికి అప్పుడు ఐదో ఆరో ఉంటాయి. ఏడాది తిరిగేసరికి వాడికి అబ్బా ముఖం గుర్తులేకుండా పోయింది. "ఆపా, అబ్బా ఎట్లుంటుండె?" అని ఈ అక్క ప్రాణం తోడేసేవాడు. నాకు చిన్నప్పటి నుంచీ ఓపిక తక్కువ. "పో, అద్దంల చూస్కో. నీ లెక్కనే ఉంటుండె" అని ఒకనాడు కసిరాను. అబద్ధమేం కాదు. ఇద్దరికీ ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉంటుంది, పుట్టుకతోనే. అప్పటి నుంచి వాడు రోజూ గూట్లోని అద్దాన్ని దించమని నన్ను సతాయించేవాడు. దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆ తెగిన చోట వేలితో తడుముకుంటూ కూర్చునేవాడు. నేను నవ్వుకునేదాన్ని. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

మా ఎదురింట్లో ఒక క్రైస్తవుల కుటుంబం ఉండేది. వాళ్ల పెద్దమ్మాయి మిషన్ బడిలో టీచరు. మేమంతా టీచరక్క అనేవాళ్లం. ప్రతి వానాకాలం ఆమె గొడుగు పట్టుకుని మా అరుగు మీద కూర్చునేది. అబ్బా దాన్ని కుట్టినంత సేపూ కబుర్లు చెప్పేది. బొమ్మ గీయడంలో ఆమె చేతికి తిరుగులేదు.

ఆ ఆగస్టులో ఆమె మా ఇంటికి వచ్చింది. "చిన్నమ్మా, మన ఊళ్లె బాజాప్తా జెండా పండుగ అయితాంది. పిల్లలకు ఆటలు పెడుతున్నం. జెండాలకు పుల్లలు లేవు. ఆ గొడుగు ఊచలు ఇస్తవా?" అంది. ఏడాదిగా గల్లీలో ఎవరూ మా గడప తొక్కలేదు. అమ్మీ పెట్టెను పెట్టెగానే ఆమె చేతుల్లో పెట్టింది. ఆమె పోయాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "మల్ల మనల్ని కలుపుకుంటాండ్రు బిడ్డా. ఎవ్వలేమన్నా నవ్వుకుంట ఉండు. తమ్మున్ని జర జూస్కో" అంది. అమ్మీకి కావలసింది అంతే, మళ్లీ ఆ గల్లీలో నలుగురిలో ఒకరుగా బతకడం.

ఇక మా పని చూడాలి! పతంగుల కాగితం కత్తిరించి, గంజితో ఊచలకు అంటించాం. చక్రానికి నా గాజును పెట్టి నీలం సిరాతో గుండ్రంగా గీశాం. అందులో ఆకులు ఎన్ని గీయాలో ఎవరికీ లెక్క కుదరక ఎవరికి తోచినన్ని వాళ్లు గీశారు. జొన్న బెండుతో కళ్లజోళ్లు, తాటాకుతో గాలికి తిరిగే గిరగిరలు చేశాం. చింపిరి గుడ్డలను ఉండచుట్టి, కొత్తవాడ మగ్గాల దగ్గర ఏరుకొచ్చిన రంగునూలు పైన బిగిస్తే బంతులయ్యాయి. జెండాలకూ గిరగిరలకూ అబ్బా ఊచలే ఆధారం. ఏడాది తర్వాత నా కడుపు నిండిన రోజులవి.

పండుగనాడు ఉక్కపోత. జెండా ఎగిరింది, బెల్లం బుక్కాం, కుంటుడు పందెం ఆడాం. చివర్లో కుండలాట పెట్టారు. పగుళ్ల కుండలకు సున్నం పూసి, ముఖాలు గీసి, కర్రల మీద బోర్లించారు. బంతితో కొట్టి పడగొట్టినవాడికి గిరగిర బహుమానం. ఒకటి హ్యాటు పెట్టిన తెల్లదొర. ఇంకొకటి మీసాల వడ్డీ షావుకారు. వాటిని పెద్ద పిల్లలు చిటికెలో పడగొట్టారు. మూడోది టోపీ, గడ్డం. నిరుడు భయపెట్టినోళ్ల బొమ్మ కావాలని పిల్లలు పట్టుబడితే టీచరక్క గీసిందట.

గడ్డం, టోపీ అనగానే ఆమె చేతికి తెలిసిన ముఖం ఒక్కటే. పాపం, ఆమెకే తెలియకుండా గీసేసింది. ఆ నవ్వీ నవ్వని పెదవులు, తెగిన ఎడమ కనుబొమ్మ. అది మా అబ్బా.

"చిన్నోనికి ఒక్క చాన్సియ్యిండ్రి" అని ఎవరో తమ్ముడిని ముందుకు తోశారు. బంతి చేతిలో పెట్టి, కుండకు దగ్గరగా నిలబెట్టారు. వాడు విసరలేదు. కుండ వంకే చూస్తూ, వేలు తన కనుబొమ్మ మీద పెట్టుకున్నాడు.

"ఆపా, ఈయన కనుబొమ్మ నా లెక్కనే ఉన్నది."

ఆ కుండను ఎత్తుకుని ఇంటికి పరుగెత్తాలనిపించింది. అబ్బా ముఖం లోకంలో ఇంకెక్కడా మిగల్లేదు మరి. కానీ ఎత్తుకుంటే, ఆ ముఖం మాదేనని గల్లీ అంతటి ముందూ ఒప్పుకున్నట్టే. మా గడపలో అమ్మీ నిలబడి ఉంది. ఆమె కొంగు నోట్లో కుక్కుకోవడం చూశాను. అయినా నా నోరు నవ్వుతూనే ఉంది.

"పాగల్, ఊకో. అందరు చూస్తాండ్రు. ఇసురు" అన్నాను.

వాడు నా మాట ఎన్నడూ కాదనలేదు. విసిరాడు. కుండ కర్ర మీంచి జారి, నేల మీద పడి పగిలింది. గల్లీ అంతా చప్పట్లు కొట్టింది, గుంపులో గోవిందా అని నేనూ కొట్టాను.

టీచరక్క ఆ చప్పట్లలోనే మా అమ్మీని చూసింది. వంగి పెంకులన్నీ కొంగులో ఏరుకుంది. సాయంత్రం మా ఇంటికి వచ్చి నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. "చిన్నమ్మా, యేసయ్య సాక్షిగ నాకు తెల్వలేదు. కాగితం మీద మంచిగ గీసిస్త, ఇంట్ల పెట్టుకో" అని ఏడ్చింది.

"పిల్లల ఆట బిడ్డా, ఫికర్ చెయ్యకు. బొమ్మ మాత్రం వద్దు. ఇంట్ల ఉంటే భయం" అంది అమ్మీ.

తర్వాత గల్లీ మమ్మల్ని నిజంగానే కలుపుకుంది. బోనాలకు పిలిచారు, క్రిస్మస్‌కు రొట్టెలు పంపారు. అమ్మీ కోరుకున్నది దక్కింది. టీచరక్క మాత్రం గొడుగు లేకుండానే వానలో బడికి పోయేది.

తమ్ముడు గెలిచిన గిరగిరను ఒక్కసారైనా గాలికి పట్టుకోలేదు. అద్దం దించమని నన్ను మళ్లీ సతాయించలేదు. అబ్బా ఎట్లుంటుండె అని ఆ రోజు తర్వాత ఎన్నడూ అడగలేదు.